పాక్షిక ఛాయలో సౌరఫలకాలు: గరిష్ఠ విద్యుత్ సాధన మార్గాలు

వ్యాససంగ్రహం:
సౌరఫలకంపై కొద్దిపాటి నీడ పడినా, విద్యుదుత్పత్తి నీడ విస్తీర్ణానికి మించి తగ్గుతుంది. దీనికి కారణాలను, నివారణ మార్గాలను సోదాహరణంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సౌరఫలకం, పాక్షిక ఛాయ, బైపాస్ డయోడ్, ఎం.పి.పి.టి., మైక్రో ఇన్వర్టర్.

1. ఉపోద్ఘాతం:
కోటి ఇళ్లకు సౌరవిద్యుత్తును అందించే లక్ష్యంతో 2024 ఫిబ్రవరిలో ‘పీఎం సూర్యఘర్’ పథకం ప్రారంభమైంది. 3 కిలోవాట్లు, అంతకు మించిన వ్యవస్థకు 78,000 రూపాయల వరకు రాయితీ లభిస్తుంది. మిగిలిన వ్యయం గృహస్థుదే. తెలుగునాట డాబాపై నీళ్ల ట్యాంకు, మెట్లగది, పక్కన కొబ్బరిచెట్టు ఉండడం సర్వసాధారణం. వాటి నీడను గమనించకుండా ఫలకాలను అమరిస్తే పెట్టిన సొమ్ముకు తగిన ఫలితం దక్కదు.

2. నీడ ప్రభావం:
72 సౌరఘటాల ఫలకంలో ఘటాలన్నీ శ్రేణిలో కలిసి ఉంటాయి. శ్రేణిలో విద్యుత్ప్రవాహం అంతటా ఒక్కటే కాబట్టి, నీడపడిన ఒక్క ఘటం మిగిలినవాటి ప్రవాహాన్నీ అడ్డగిస్తుంది. పైగా అది విద్యుత్తును ఉత్పత్తి చేయడానికి బదులు వినియోగించుకొని వేడెక్కుతుంది. దీనినే ‘హాట్ స్పాట్’ అంటారు. దీని నివారణకు 24 ఘటాలకు ఒకటి చొప్పున మూడు బైపాస్ డయోడ్లను అమరుస్తారు. ఇవి నీడపడిన భాగాన్ని తప్పించి ప్రవాహానికి పక్కదారి కల్పిస్తాయి.

3. రెండు శిఖరాలు:
ఒక ఫలకంలోని మూడు భాగాలు ఒక్కొక్కటి 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు ఇస్తాయనుకుందాం. పూర్తి ఎండలో ఉత్పత్తి 360 వాట్లు. నీడవల్ల ఒక భాగం 4 ఆంపియర్లకు పడిపోతే రెండు మార్గాలుంటాయి. మూడు భాగాలనూ 4 ఆంపియర్ల వద్ద నడిపితే వచ్చేది సుమారు 144 వాట్లు. నీడపడిన భాగాన్ని వదిలేసి రెండింటిని 10 ఆంపియర్ల వద్ద నడిపితే, డయోడ్ నష్టం పోను, సుమారు 235 వాట్లు. నీడ పలుచనై ఆ భాగం 8 ఆంపియర్లు ఇస్తే మాత్రం, మూడింటినీ కలిపి నడపడమే మేలు. అప్పుడు 288 వాట్లు వస్తాయి. అంటే నీడపడిన భాగం మూడింట రెండు వంతుల ప్రవాహమైనా ఇవ్వగలదా లేదా అన్నదే నిర్ణాయకం.

ఇన్వర్టర్‌లోని ఎం.పి.పి.టి. వోల్టేజిని కొద్దికొద్దిగా మారుస్తూ, ఉత్పత్తి పెరిగే దిశగా సాగుతుంది. పొగమంచులో కొండ ఎక్కేవాడు మొదట చేరిన గుట్టనే శిఖరమనుకొని ఆగిపోయినట్లు, ఇది 144 వాట్ల వద్దే నిలిచిపోవచ్చు.

4. పరిష్కార మార్గాలు:
అ) వోల్టేజి పరిధినంతా నిర్ణీత వ్యవధిలో పరిశీలించి అత్యున్నత శిఖరాన్ని గుర్తించే ఇన్వర్టర్‌ను ఎంచుకోవడం.
ఆ) ప్రతి ఫలకానికీ మైక్రో ఇన్వర్టర్ లేదా పవర్ ఆప్టిమైజర్ అమర్చడం. ఒక ఫలకంపై పడిన నీడ ఇతర ఫలకాలను బాధించదు. ఖర్చు మాత్రం ఎక్కువ.
ఇ) అర్ధఘటాల ఫలకాలను వాడడం. వీటిలో రెండు సగాలు సమాంతరంగా ఉంటాయి కాబట్టి, ఒక సగంపై నీడ పడినా రెండవది పనిచేస్తుంది.
ఈ) ఒకే వేళలో నీడపడే ఫలకాలను ఒకే శ్రేణిలో చేర్చి, దానికి విడిగా ఎం.పి.పి.టి. కేటాయించడం.

5. ముగింపు:
ఏ పరికరమూ నీడలో పోయిన ఎండను తిరిగి తేలేదు. మిగిలిన ఎండ వృథా కాకుండా మాత్రమే చూడగలదు. కాబట్టి స్థల నిర్ణయమే మొదటి పరిష్కారం. హైదరాబాదులో డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు 2 మీటర్ల ఎత్తున్న ట్యాంకు నీడ ఉత్తరానికి సుమారు 1.7 మీటర్లు సాగుతుంది. ఉదయ సాయంకాలాల్లో మరింత పొడవవుతుంది. ఆ నీడను కొలిచిన తరువాతే ఫలకాల స్థానాన్ని నిర్ణయించడం సముచితం.