యంత్రం రావాలి – కూలోళ్ల చేతికే రావాలి

పత్తి చేన్లో వీపున పంపు మోసి మందు కొట్టే పని మెల్లమెల్లగా డ్రోన్ చేతికి పోతున్నది. మొన్న వరంగల్ దగ్గర పల్లెలో మా సంఘం కూర్చున్నప్పుడు ఒక చెల్లె అడిగింది: "అన్నా, ఆ మిషిన్ మా పొట్ట కొడతదా, నింపుతదా?"

అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పొట్ట నింపుతుంది. అంతే.

యంత్రాన్ని తిట్టనక్కరలేదు. ఆ మందు విషం. దాన్ని పీల్చే బాధ తప్పితే మంచిదే. కాని మోతుబరి డ్రోన్ కొంటే కిరాయి ఆయనకు, ఖాళీ చేతులు మనకు.

యంత్రం తెలివి పెద్ద చదువులోళ్ల సొత్తు కూడా కాదు. వరంగల్‌కు 1959లోనే ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. కాని హైదరాబాదు తొవ్వలో, ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఆసు యంత్రం చేసింది ఆరో తరగతితో బడి మానిన నేత కార్మికుడు చింతకింది మల్లేశం. మేకుల చుట్టూ దారం తిప్పడానికి ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఏండ్ల తరబడి అప్పులతో కష్టపడి 1999లో యంత్రం నిలబెట్టాడు. పద్మశ్రీ వచ్చింది 2017లో. మెప్పు తర్వాత వచ్చింది, అప్పు ముందు వచ్చింది!

సర్కార్లు పథకాలు పెట్టలేదా? పెట్టాయి. 2014లో దళిత, గిరిజనుల పరిశ్రమలకు టి-ప్రైడ్, 2018లో మహిళలకు హైదరాబాదులో వీ హబ్ వచ్చాయి. 2016 నాటి స్టాండప్ ఇండియాలో అప్పు 10 లక్షల నుంచే మొదలయ్యేది, పైగా సొంత వాటా పెట్టాల్సి వచ్చేది. రోజు కూలీకి వాటా ఎక్కడిది?

2023లో కేంద్రం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్నది. ధరలో 80 శాతం, 8 లక్షలు మించకుండా సబ్సిడీ. మిగతాది సంఘమే తెచ్చుకోవాలి. డ్రోన్ నడిపే సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసు కావాలి. కలుపు తీసే మా అక్కల్లో పది పాసైనోళ్లు ఎంతమంది? వాకిలి తెరిచి గడప ఎత్తు పెంచినట్లుంది.

అందుకే అడుగుతున్నాం: డ్రోన్ సంఘాల్లో భూమిలేని కూలీ ఆడవాళ్లకు మొదటి వంతు ఇవ్వాలి. మిగతా సొమ్ముకు హామీ లేని అప్పు ఇవ్వాలి. కూలీల బిడ్డలకు వరంగల్‌లోనే, తెలుగులోనే, కూలి కట్టిచ్చి శిక్షణ ఇవ్వాలి. రిపేరు పని కూడా నేర్పాలి.

పని తెలిసిన చేతికి పనిముట్టు దక్కాలి. ఊరూరా సంఘాల్లో ఈ మాట చర్చకు పెట్టండి.