చెక్క ఒప్పుకునే రంగు

వాల్‌నట్ గోధుమరంగు స్టెయిన్ డబ్బా ఒకటి తెరిచి, మూడు రకాల చెక్క ముక్కల మీద ఒకే గుడ్డతో రుద్దితే మూడు వేరువేరు రంగులు వస్తాయి. రెడ్ ఓక్ మీద ఎర్రజీర కలిసి, నల్లటి గీతలు పైకి తేలతాయి. వైట్ ఓక్ మీద అదే రంగు మట్టిఛాయలో కుదురుగా పరుచుకుంటుంది. మేపుల్ మీద ఒకచోట ముదురుగా, ఆ పక్కనే వెలవెలబోతూ మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది. డబ్బా మీద అచ్చువేసిన రంగు ఈ మూడింటిలో దేనికీ సరిపోలకపోవచ్చు. అమెరికాలో చెక్క నేలకు రంగు మార్పించుకునే ఇళ్లలో "మేం అడిగింది ఇది కాదు" అని గొడవ లేస్తే, దాని మూలం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. రంగు ఎంచుకునే ముందు కాళ్ల కింద ఉన్న చెక్క ఏదో తెలుసుకోవాలి. చాలామంది ముందు రంగు ఎంచుకుని, ఆ తర్వాత చెక్క సంగతి చూస్తారు.

తెలుగునాట నేల అంటే కడప రాయి, తాండూరు బండ, ఇప్పుడైతే గ్రానైట్, టైల్స్. చెక్కతో మన చుట్టరికమంతా గుమ్మాలతో, తలుపులతో, పందిరి మంచాలతో. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో మాత్రం ఓక్ అడవులు విస్తారం. పలకల అంచున ఒకవైపు గాడి, మరోవైపు నాలుక తీసే యంత్రాలు 19వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చాక ఓక్ నేల అక్కడి మధ్యతరగతి ఇంటికీ అందింది. 1960ల నుంచి గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచే మోజు పెరిగింది. లక్షణమైన ఓక్ పలకల మీదే కార్పెట్ బిగించేసిన ఇళ్లు ఎన్నో. ఈ రోజు అలాంటి పాత ఇల్లు కొన్నవాళ్లు గది మూలన కార్పెట్ కొస లేపి చూస్తే, దశాబ్దాల నాటి చెక్క బయటపడుతుంది. దాని రంగు మార్చాలా, ఉన్నది ఉంచుకోవాలా అన్న ఆలోచన అప్పుడు మొదలవుతుంది.

మార్చాలనుకునేవాళ్ల వెనక ఫ్యాషన్ కూడా ఉంటుంది. ఒకప్పుడు తేనెరంగు ఓక్ అంటే పడిచచ్చేవారు. 2000ల్లో కాఫీ డికాషన్ రంగు, ఆ తర్వాతి దశాబ్దంలో బూడిదరంగు రాజ్యమేలాయి. ఇప్పుడు ఏ రంగూ వేయనట్టు కనిపించే లేత వైట్ ఓక్ మీద మోజు. నేల మాత్రం పదిహేను, ఇరవై ఏళ్లకోసారి గాని తిరగతోడించుకోలేనిది. ఫ్యాషన్ అంతకాలం ఆగదు.

ఓక్ మీద గీతలు ఎందుకు తేలతాయో తెలియాలంటే చెట్టు దగ్గరికి వెళ్లాలి. వసంతంలో చిగురు వేసే వేళ నీళ్లు గబగబా పైకి లాగడానికి ఓక్ చెట్టు పెద్ద గొట్టాలున్న చెక్కను పెంచుకుంటుంది. ఎండాకాలంలో పెరిగే చెక్క బిగువుగా, సన్న గొట్టాలతో ఉంటుంది. ఏటా ఈ రెండు పొరలూ పక్కపక్కన పేరుకుంటాయి. పలక కోసినప్పుడు మనం మెచ్చుకునే గీతలన్నీ ఆ రెండు పొరల తేడానే. రెడ్ ఓక్ గొట్టాలు ఎంత బాహాటంగా తెరిచి ఉంటాయంటే, నిలువుగా కోసిన చిన్న ముక్క ఒక కొసను నీళ్లలో ముంచి రెండో కొస నుంచి ఊదితే బుడగలు వస్తాయి. వైట్ ఓక్‌లో అలా కుదరదు. చెట్టు ముదిరేకొద్దీ ఆ గొట్టాల్లో పొరలు పెరిగి మూసుకుపోతాయి. విస్కీ, వైన్ పీపాలను వైట్ ఓక్‌తో చేయడానికి కారణం అదే, అందులోంచి మందు కారిపోదు. నేల మీద స్టెయిన్ కూడా అందుకే ఆ రెండు చెక్కల్లో రెండు రకాలుగా దిగుతుంది.

డబ్బాలో ఉండేది ఒక్క రకం రంగు కాదు. పిగ్మెంట్ అంటే ఇనుము ఖనిజపు మట్టిలాంటి వాటిని మెత్తగా నూరిన పొడి. అది చెక్కలోకి ఇంకదు, గొట్టాల నోళ్లలోనూ శాండ్‌పేపర్ గీసిన సన్న చారల్లోనూ కూరుకుంటుంది. అందుకే ఓక్ మీద గొట్టాలున్న చోట నల్లబడి, బిగువుగా ఉన్నచోట లేతగా మిగులుతుంది. డై అలా కాదు. పూర్తిగా కరిగిపోయి చెక్క నారలోకే దిగుతుంది, మేపుల్ లాంటి బిగువు చెక్కకు కూడా పడుతుంది. కాకపోతే ఎండ తగిలితే పిగ్మెంట్ కన్నా త్వరగా వెలిసిపోతుంది. బాస్కెట్‌బాల్ కోర్టుల్లో పరిచేది ఈ మేపులే. పైకి నునుపుగా కనిపించే ఈ చెక్క ముదురు రంగును చోటుకో రకంగా పీలుస్తుంది కాబట్టి, అనుభవజ్ఞులైన పనివాళ్లు మేపుల్ నేలను సహజరంగులోనే ఉంచుకోమని ఇంటివాళ్లకు నచ్చజెబుతారు. ఆ మాట వినడం మంచిది.

ఇక పని జరిగే తీరు. రంగు మార్చాలంటే ముందు పాత పాలిష్ అంతా ఊడాలి. రోలర్‌లా తిరిగే పెద్ద డ్రమ్ శాండర్‌కు మొదట 36 లేదా 40 నంబర్ గరుకు కాగితం చుట్టి గదంతా తిప్పుతారు. ఆ తర్వాత 60, ఆ పైన 80 లేదా 100. నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. గోడవార పెద్ద యంత్రం పోదు కాబట్టి అక్కడ ఎడ్జర్ అనే చిన్న యంత్రం వాడతారు, మూలల్లో చేత్తో గీకాల్సిందే. ఒక నంబర్ దాటేసి తొందరగా ముందుకు పోతే, పాత గీతలు చెక్కలోనే ఉండిపోతాయి. రంగు పడేదాకా అవి కంటికి కనిపించవు. స్టెయిన్ తగలగానే గోడ పొడవునా ఎడ్జర్ తిరిగిన సున్నాలు సున్నాలుగా చారలు నల్లగా తేలతాయి. అప్పుడిక మళ్లీ మొదటినుంచే.

అలాగని మరీ నునుపు చేస్తే చెక్క రంగును పట్టుకోదు. ముదురు రంగు కావాలన్నవాళ్లకు పనివాళ్లు చేసే ఒక చిన్న పని ఉంది. శాండింగ్ అయ్యాక తడిగుడ్డతో నేలంతా సమంగా తుడుస్తారు. నీళ్లు తగిలి చెక్క నారలు నిక్కబొడుచుకుంటాయి. వేలితో తడిమితే ఇందాక నున్నగా ఉన్న పలక ఇప్పుడు గరుగ్గా తగులుతుంది. అది పూర్తిగా ఆరాక స్టెయిన్ వేస్తే రంగు ఇంకా ముదురుగా, మరింత సమంగా పడుతుంది. ఈ మధ్యలో దాని మీద ఎవరూ నడవకూడదు. కాలు పడ్డచోట నారలు అణిగి, ఆ అడుగు రంగులో లేతగా మిగిలిపోతుంది.

స్టెయిన్ రుద్దేటప్పుడు ఇద్దరు ఉంటే మేలు. ఒకరు గుడ్డతో లేదా బఫర్ మెషీన్‌తో పలకల వెంట పూసుకుంటూ పోతారు, వెనకే ఇంకొకరు మిగులు రంగును తుడిచేస్తూ వస్తారు. ఎప్పుడూ నాలుగైదు పలకల వరస పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాలి. మధ్యలో ఆగి ఫోన్ మాట్లాడి వస్తే, ఆరిన అంచు మీద కొత్త రంగు పడి గది మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. తుడవకుండా వదిలేసిన రంగు రోజులు గడిచినా జిగటగానే ఉంటుంది, దాని మీద వేసిన పాలిష్ పెచ్చులూడుతుంది. నూనె స్టెయిన్ అయితే ఒక రోజన్నా ఆరనివ్వాలి, గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ పైన పాలిష్‌గా వేసే పాలియురేథేన్ కూడా రంగు మారుస్తుంది. నూనెతో చేసినది కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. బూడిదరంగో, తెలుపో వేసి దాని మీద ఈ రకం పూస్తే అసలు ఆశపడ్డ ఛాయ పోతుంది. అక్కడ నీటితో చేసినదే వాడాలి.

రంగు డబ్బా అవసరం లేకుండా చెక్క రంగు మార్చే దారులూ ఉన్నాయి, ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం అదే. ఓక్ నిండా టానిన్ ఉంటుంది, టీ ఆకుకు, కరక్కాయకు వగరు తెచ్చే పదార్థం. వెనిగర్‌లో స్టీల్ ఊల్ (ఇనుప పీచు) నానబెడితే ఇనుము కరిగిన ద్రవం వస్తుంది. దాన్ని ఓక్ మీద పూసిన క్షణంలో నీళ్లు పూసినట్టే ఉంటుంది. కాసేపట్లో బూడిదరంగు తిరిగి, ఆ తర్వాత నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన ద్రవంతో కలం గీస్తే గీత నల్లగా మారేది సరిగ్గా ఈ టానిన్, ఇనుముల కలయిక వల్లే. అక్కడ టానిన్‌ను బట్టకు పట్టించాలి, ఇక్కడ చెట్టే పట్టించి పెట్టింది. మేపుల్‌లో టానిన్ తక్కువ, కనుక దాన్ని ఇలా నల్లబరచాలనుకునేవాళ్లు ముందు చిక్కటి టీ డికాషన్ పూస్తారు. ఓక్ నేలను స్టీల్ ఊల్‌తో రుద్దవద్దని చెప్పడం కూడా అందుకే. విరిగి చిక్కుకున్న ఇనుప పీచు మీద నీటి పాలిష్ పడితే నేలంతా నల్లచుక్కలు.

న్యూయార్క్ రాష్ట్రంలో 1901లో 'ది క్రాఫ్ట్స్‌మన్' పత్రిక మొదలుపెట్టిన గుస్టావ్ స్టిక్లీ తన ఫర్నిచర్‌కు మరో దారి పట్టాడు. మూసిన గదిలో వైట్ ఓక్‌తో పాటు ఘాటైన అమోనియా ఉంచితే, ఆ ఆవిరి టానిన్‌తో కలిసి చెక్కను ముదురు గోధుమరంగుకు తెస్తుంది. పూతలాగా పైపైన కాకుండా రంగు చెక్క లోపలి దాకా వెళుతుంది, గీతల అందం మరుగున పడదు. ఆ ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు ప్రమాదం కాబట్టి ఇంట్లో ప్రయత్నించేది మాత్రం కాదు.

రంగు తీసేయడమూ ఒక విద్యే. నీళ్లు నిలిచి ఓక్ మీద పడ్డ నల్ల మచ్చలు ఇనుము వల్ల వచ్చినవైతే ఆక్సాలిక్ ఆమ్లంతో పోతాయి, పాలకూరలో ఉండేదే ఈ ఆమ్లం. చెక్క సహజరంగునే వెలవెలబరచాలంటే కాస్టిక్ సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ జంటగా వాడే బ్లీచ్ కావాలి. రెడ్ ఓక్ ఎర్రదనం నచ్చనివాళ్లకు ఇంతకన్నా తేలికైన ఉపాయం, కాస్త ఆకుపచ్చ ఛాయ కలిసిన స్టెయిన్ ఎంచుకోవడం. ఎరుపును ఆకుపచ్చ అణుస్తుంది.

పని అయ్యాక మిగిలే నూనె గుడ్డల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. అవిసె నూనె లాంటివి గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ ఆరతాయి, ఆ క్రమంలో వేడి పుడుతుంది. గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారి లేక నిప్పు దానంతటదే అంటుకుంటుంది. ఫిలడెల్ఫియాలో 1991 ఫిబ్రవరి 23 రాత్రి 'వన్ మెరిడియన్ ప్లాజా' అనే 38 అంతస్తుల భవనంలో సరిగ్గా అదే జరిగింది. 22వ అంతస్తులో చెక్క పనికి వాడి వదిలేసిన అవిసె నూనె గుడ్డల నుంచి మంట లేచింది. దాదాపు 19 గంటలు కాలింది. 30వ అంతస్తులో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉండడంతో అక్కడ ఆగింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ భవనాన్ని మళ్లీ వాడలేకపోయారు, 1999లో కూల్చేశారు. స్టెయిన్ గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరేయాలి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత బిగించాలి. శాండింగ్ పొట్టు సంచీని కూడా రాత్రిపూట ఇంట్లో ఉంచకూడదు.

అమెరికాలో ఇల్లు కొనే తెలుగువాళ్లకు ఊరిని బట్టి నేల మారుతుంది. న్యూజెర్సీ లాంటి చోట నేలమాళిగ ఉన్న పాత ఇళ్లలో ముప్పావు అంగుళం మందమున్న అసలు ఓక్ పలకలు మేకులతో బిగించి ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల ఇళ్లు ఎక్కువగా కాంక్రీట్ పలక మీదే లేస్తాయి, అక్కడ పరిచేది తరచుగా ఇంజినీర్డ్ చెక్క. అడుగున ప్లైవుడ్, పైన పలుచటి అసలు చెక్క పొర. ఏ నేలైనా చెప్పులు గుమ్మం దగ్గరే విడిచే మన అలవాటు దానికి మేలే చేస్తుంది. రాతిపొడి ముగ్గుపిండి కాలికింద నలిగితే పాలిష్ మీద సన్నగీతలు పడతాయి, బియ్యప్పిండితో ఆ బెడద తక్కువ. పాలియురేథేన్ పొర చెక్కుచెదరకుండా ఉంటే పసుపు వెంటనే తుడిస్తే పోతుంది, మిగిలిన ఛాయను ఎండ వెలిసేలా చేస్తుంది. నూనె, మైనం పట్టించిన నేలలో దీపపు నూనె ఒలికితే మాత్రం లోపలికి దిగి నల్లబడుతుంది.

ముదురు రంగు కోరుకునేవాళ్లు ముందే తెలుసుకోవలసిన రెండు సంగతులున్నాయి. స్టెయిన్ గట్టి చెక్కలోకి దిగేది మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే, కుర్చీ కాలు గట్టిగా గీస్తే లేత చెక్క బయటపడుతుంది. రెండోది, ఉక్కపోసే వేసవిలో రంగు వేసిన పలకలు చలికాలం హీటర్ గాలికి కుంచించుకుంటాయి. అప్పుడు రంగు తగలని నాలుకల అంచులు పలక పలకకీ మధ్య తెల్లటి దారాల్లా కనిపిస్తాయి. వేసవి రాగానే ఆ సందులు మళ్లీ మూసుకుంటాయి, పనివాళ్ల తప్పు కాదది.

రంగు ఖాయం చేసే ముందు శాండింగ్ అయిన ఆ నేల మీదే, అడుగు వెడల్పున మూడు నాలుగు రంగులు పూయించి, వాటి మీద పాలిష్ కూడా వేయించి, పొద్దున కిటికీ వెలుగులో ఒకసారి, రాత్రి దీపాల వెలుగులో ఒకసారి చూడాలి. అంతకన్నా ముందు చేయవలసింది, హీటర్ గాలి వచ్చే జాలీని నేల నుంచి ఎత్తి పలక అంచు చూడడం. అసలు ఓక్ పలకకు నాలుక పైన 6 మిల్లీమీటర్ల దరిదాపు చెక్క ఉంటుంది. ఒక్కో శాండింగ్‌కు సుమారు 0.8 మిల్లీమీటరు పోయినా నాలుగైదు సార్లు తట్టుకుంటుంది. ఇంజినీర్డ్ చెక్క పై పొర అర మిల్లీమీటరు నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఏదైనా కావచ్చు. అది 2 మిల్లీమీటర్ల లోపే అయితే రంగు మార్చే ఆలోచన మానుకుని, పాత పాలిష్‌ను తేలిగ్గా గీకి దాని మీద కొత్త పూత ఒకటి వేయించుకోవడంతో సరిపెట్టుకోవాలి.