'లేట్': ఆలస్యం ఒక్కటే కాదు

ఇంగ్లీషు విశేషణాలలో 'లేట్' మనకు బాగా చనువైన మాట. బస్సు లేటు, జీతం లేటు, ఫలితాలు లేటు. తెలుగు దీన్ని సొంతం చేసుకొని చివర ఉకారం కూడా చేర్చింది. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ చనువే ఒక్కోసారి ఇబ్బంది పెడుతుంది.

కురవిలో ఉంటూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఊళ్లో ఎవరికి ఇంగ్లీషులో అర్జీ కావాలన్నా ఆమె దగ్గరికే వస్తారు. భర్త చనిపోయిన పొరుగామె పింఛను కోసం అర్జీ రాసిపెట్టమని అడిగింది. విద్యార్థిని 'మై హస్బెండ్ ఈజ్ లేట్' అని మొదలుపెట్టింది. మన ప్రాంతపు ఉద్యోగి అయితే ఎలాగో అర్థం చేసుకుంటాడు. ఇంగ్లీషును ఇంగ్లీషుగా చదివేవారికి మాత్రం ఆ వాక్యం 'మా ఆయన రావడం ఆలస్యమైంది' అనే చెబుతుంది. చావు కబురు చెప్పవలసిన చోట ఆలస్యం కబురు చెప్పినట్లయింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో గమనించండి. 'చనిపోయిన' అనే అర్థంలో 'లేట్' ఎప్పుడూ నామవాచకానికి ముందే రావాలి. 'మై లేట్ హస్బెండ్' అంటే చనిపోయిన నా భర్త. అదే మాటను 'ఈజ్', 'వాజ్' వంటి క్రియల తరువాత పెడితే ఆ అర్థం పోయి, ఆలస్యం ఒక్కటే మిగులుతుంది. తెలుగులో 'కీ.శే.' అనే మాట పేరుకు ముందు చేరినట్లే ఇదీ చేరుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. మరణించిన సంగతి చెప్పాలంటే ఇంగ్లీషుకు క్రియ ఉంది. 'మై హస్బెండ్ డైడ్ ఇన్ 2019' అని సూటిగా రాయవచ్చు. 'ఎక్స్‌పైర్డ్' అనడం మన కార్యాలయాలలో మర్యాదగా చెల్లుతున్నా, ఇతర దేశాల పాఠకులకు అది గడువు తీరిన మందులనో లైసెన్సులనో గుర్తుచేస్తుంది.

మామూలు వాక్యంలో పేరుకు ముందు 'ద లేట్' అని రాయాలి. దరఖాస్తు ఫారాలలో తండ్రి పేరు దగ్గర 'సన్ ఆఫ్ లేట్' అని రాయడం మన కార్యాలయాల వాడుక. ఫారం వరకు దానిని అలాగే ఉంచవచ్చు. ఎంతకాలం క్రితం పోయినవారికి ఈ మాట వాడాలి? దీనికి గట్టి నియమం లేదు. బతికి ఉన్నవారి జ్ఞాపకంలో ఉన్నవారికి వాడతారు. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన కవి దాశరథి కృష్ణమాచార్య 1987 నవంబరులో మరణించారు. ఆయనను 'ద లేట్ దాశరథి' అనవచ్చు. రాణి రుద్రమను అలా అంటే నవ్వు వస్తుంది. ఇంకొక సంగతి. 'ద లేట్ దాశరథి డైడ్ ఇన్ 1987' అనకూడదు. మరణాన్ని రెండుసార్లు చెప్పినట్లవుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది మాజీలతో వస్తుంది. పదవి దిగిపోయిన సర్పంచి గురించి 'ద లేట్ సర్పంచ్' అని రాస్తే, నిక్షేపంగా ఉన్న మనిషిని చంపినట్లే. అక్కడ 'ఫార్మర్' అనాలి. (రైతు అనే 'ఫార్మర్' వేరు, దాని స్పెల్లింగు వేరు. తెలుగు లిపిలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.)

ఒకే మాటకు ఆలస్యం, మరణం రెండూ ఎలా అంటాయి? పాత ఇంగ్లీషులో దీని మూలార్థం 'నెమ్మదైన' అని. నెమ్మదిగా వచ్చేది వేళ దాటి వస్తుంది, చివరికి వస్తుంది. 'లాస్ట్' అనే మాట కూడా ఈ మూలం నుంచి పుట్టినదే. ఇక చివరగా వచ్చినది మనకు కాలంలో దగ్గరగా ఉంటుంది కాబట్టి 'ఇటీవలి' అనే అర్థమూ ఏర్పడింది. 'ఇటీవలి వరకు మనతో ఉన్న' అనే దారిలోనే మరణార్థం వచ్చింది.

'చివరి భాగం' అనే అర్థం చరిత్ర చదివేవారికి తరచుగా ఎదురవుతుంది. ఒకప్పుడు ముదిగొండ చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కురవి, తెలుగు గద్యం తొలి రూపాన్ని చూపే కొరవి శాసనం వల్ల భాషాచరిత్రలో నిలిచింది. అలాంటి శాసనాల గురించి ఇంగ్లీషు పుస్తకాలు చూసినప్పుడు 'లేట్ నైన్త్ సెంచరీ' అని కనిపిస్తే 'ఆలస్యమైన తొమ్మిదో శతాబ్దం' అని అనువదించకండి. తొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలు, అంటే సుమారు 870 నుంచి 900 వరకు అని అర్థం. 'లేట్ కాకతీయ పీరియడ్' అంటే 1323లో ముగిసిన ప్రతాపరుద్రుని పాలన నాటి కాలం. హైదరాబాద్ సంస్థానం 1948లో భారత్‌లో కలవడం 'లేట్ నైన్టీన్ ఫార్టీస్'లో జరిగిన ఘటన. వీటిలో ఎక్కడా 'లేట్' అనే మాటకు ఆలస్యం అనే అర్థం లేదు, మరణం అనే అర్థమూ లేదు. శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరలో జాగరం చేసేవారు 'లేట్ నైట్' వరకు మేలుకుంటారు. అదీ అంతే, బాగా పొద్దుపోయిన రాత్రి. 'ఇట్ ఈజ్ గెటింగ్ లేట్' అన్నప్పుడు కూడా మన 'పొద్దుపోతోంది' సరిగ్గా సరిపోతుంది.

క్రియావిశేషణంగా వాడేటప్పుడు 'లేట్' రూపం మారదు. 'హి కేమ్ లేట్' అంటే ఆలస్యంగా వచ్చాడు. తెలుగులో '-గా' చేరుతుంది కాబట్టి ఇంగ్లీషులోనూ 'లీ' చేర్చి 'హి కేమ్ లేట్‌లీ' అంటుంటాం. కాని 'లేట్‌లీ' అంటే 'ఈ మధ్య'. 'ఐ హావ్ నాట్ సీన్ హిమ్ లేట్‌లీ' అంటే ఈ మధ్య అతన్ని చూడలేదు. రైలు విషయంలో కాలపరిమాణం ముందు వస్తుంది. మహబూబాబాద్ స్టేషన్‌లో రైలు రెండు గంటలు ఆలస్యమైతే 'ద ట్రైన్ ఈజ్ టూ అవర్స్ లేట్' అనాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 'మా దివంగత హెడ్‌మాస్టరు', 'మా మాజీ హెడ్‌మాస్టరు', 'మా హెడ్‌మాస్టరు ఈ రోజు ఆలస్యంగా వచ్చారు', 'మా హెడ్‌మాస్టరు ఈ మధ్య బడికి రావడం లేదు' అనే నాలుగింటినీ ఇంగ్లీషులో రాసి, ఏ రెండింటిలో 'లేట్' అనే మాట అదే రూపంలో వచ్చిందో చూడండి.