టెస్ట్ పాసైంది, డేటా పాడైంది: కెర్నల్ టెస్టుల్లో ర్యాండమ్ నంబర్ల పని ఏంటి?

విశాఖ నుంచి కిరండూల్ రైల్లో ఊరికి వెళ్లేటప్పుడు నాకో అలవాటు ఉంది. చేతిలో కొత్త ఫోన్ ఏది ఉన్నా, ఘాట్ మొదలవ్వగానే పెద్ద ఫైల్ ఒకటి డౌన్‌లోడ్ పెడతాను. అక్కడి నుంచి అరకు దాకా టన్నెల్ మీద టన్నెల్. సిగ్నల్ వస్తుంది, పోతుంది. 4జీ కాస్తా 2జీ అవుతుంది. ఒక్కోసారి గీతలన్నీ నిండుగా ఉంటాయి కానీ డేటా మాత్రం రాదు. ఇంట్లో వైఫై మీద వారం రోజులు వాడినా ఒక్క తప్పు దొరకని ఫోన్ ఒకటి, బొర్రా గుహలు స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి నెట్‌వర్క్ వెతకడమే మానేసింది. రీస్టార్ట్ చేస్తే గానీ దారికి రాలేదు. కంపెనీ పేరు అడక్కండి, తర్వాతి అప్‌డేట్‌లో సరి చేశారు.

ఇంట్లో నేను చేసింది టెస్టే. కాకపోతే రోజూ అదే వైఫై, అదే గది, అవే యాప్స్. ఒకే ప్రశ్న వందసార్లు అడిగి, వంద సరైన జవాబులు వచ్చాయని మురిసిపోయానన్నమాట. ఇదే పొరపాటు ఆపరేటింగ్ సిస్టమ్ అడుగు పొరలో జరిగితే ఎలా ఉంటుందో చూద్దాం. దీనికి 2023లో జరిగిన అసలు కేసే ఉంది.

ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్. ప్రాసెసర్ లెక్క చేసేటప్పుడు విలువల్ని రిజిస్టర్లు అనే చిన్న గదుల్లో పెట్టుకుంటుంది. మీ ఫోన్‌లో కోర్లు ఎనిమిదే, నడిచే థ్రెడ్లు వందల్లో. అందుకే కెర్నల్ ఒక థ్రెడ్‌ని ఆపి, దాని రిజిస్టర్లన్నీ మెమరీలో దాచి, ఇంకో థ్రెడ్‌ని ఎక్కిస్తుంది. మళ్లీ మొదటిదాని వంతు రాగానే దాచినవి దాచినట్టే తిరిగి పెట్టాలి. ఒక్క బిట్ మారినా యాప్‌కి తెలీదు, తప్పు విలువతోనే లెక్క చేసుకుంటూ పోతుంది.

దీన్ని టెస్ట్ చేయడం పైకి సులువే. రిజిస్టర్లలో తెలిసిన విలువలు పెట్టు, కాసేపు తిరుగు, అవే ఉన్నాయా చూడు. కానీ అన్ని థ్రెడ్లూ 1, 2, 3 అనే పెట్టుకుంటే? కెర్నల్ పొరపాటున మొదటి థ్రెడ్ విలువల్ని రెండోదానికి ఇచ్చేసినా టెస్ట్ పాస్! రెండిట్లో ఉన్నవి అవే అంకెలు కదా. అందుకే లైనక్స్ కెర్నల్‌తో పాటు వచ్చే సెల్ఫ్‌టెస్ట్‌లలో, పవర్‌పీసీ ప్రాసెసర్ల కోసం రాసిన ఫ్లోటింగ్ పాయింట్ టెస్ట్ ప్రతి థ్రెడ్‌కీ ర్యాండమ్ విలువలు నింపేది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

2023 నవంబర్‌లో తిమోతీ పియర్సన్ అనే ఇంజనీర్ ఒక బగ్ బయటపెట్టి, ఫిక్స్ కూడా పంపారు. పవర్ ప్రాసెసర్ల మీద ఐఓ యూరింగ్ వాడుతున్న మరియాడిబి డేటాబేస్‌లో అప్పుడప్పుడు డేటా పాడవుతోంది. తవ్వుకుంటూ వెళ్తే కారణం కెర్నల్‌లోనే దొరికింది. రిజిస్టర్లు దాచేటప్పుడు స్టేటస్ విలువ ఒకదాన్ని కూడా దాచాలి. దానికోసం కెర్నల్ ఎఫ్0 అనే రిజిస్టర్‌ని చేతి కింద గిన్నెలా వాడుకుంటోంది, పని అయ్యాక అందులోని పాత విలువ తిరిగి పెట్టట్లేదు. చాలా సందర్భాల్లో ఇది ఎవరికీ తగలదు. ఐఓ యూరింగ్ దారిలో తగిలింది.

మరి సెల్ఫ్‌టెస్ట్ ఏం చేస్తోంది? అది అసలు ఎఫ్0 వైపే చూడట్లేదు. ఫంక్షన్ కాల్ దాటినా మారకూడని రిజిస్టర్లను మాత్రమే చెక్ చేసేది. అప్పుడు పవర్‌పీసీ మెయింటెయినర్ మైఖేల్ ఎల్లర్‌మన్ టెస్ట్‌ని గట్టిగా పట్టుకున్నారు. మొత్తం 32 రిజిస్టర్లూ చెక్ చేయించారు, 20 సెకన్లు నడిచేదాన్ని 60 సెకన్లు చేశారు. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం మూడో మార్పు: ర్యాండమ్ విలువలనే మార్చారు.

ర్యాండమ్ అయ్యాక ఇంకేం మార్చాలి అంటారా? లెక్క చూడండి. పాత టెస్ట్ ర్యాండ్ ఫంక్షన్ ఇచ్చిన 31 బిట్ల పూర్ణాంకాన్ని నేరుగా డబుల్‌లో వేసేది. డబుల్ అంటే 64 బిట్లు: గుర్తుకి 1, ఘాతానికి 11, మిగతా 52 అసలు అంకెకి. 31 బిట్ల అంకె అందులో కూర్చుంటే కింది 22 బిట్లు ఎప్పుడూ సున్నాలే. మైనస్ విలువ ఎప్పుడూ రాదు. ఆ 22 బిట్లను కెర్నల్ తుడిచేసినా టెస్ట్‌కి తేడా కనపడదు.

కొత్త కోడ్ ట్రిక్ చాలా సింపుల్. ర్యాండమ్ అంకె తీసుకుంటుంది, ఒక్కోసారి గుర్తు తిప్పుతుంది, తర్వాత 1ని దానితో భాగిస్తుంది లేదా దాన్ని దానితోనే గుణిస్తుంది. దాంతో బిట్లు కింది దాకా నిండుతాయి. గుణించినప్పుడు మైనస్ మళ్లీ ప్లస్ అవుతుంది కాబట్టి నెగటివ్‌లు భాగించిన దారిలోనే వస్తాయి, అయినా పని జరుగుతుంది. 64 బిట్లూ నేరుగా ర్యాండమ్‌గా నింపేయొచ్చుగా అని మీకు డౌట్ రావచ్చు. అలా చేస్తే అప్పుడప్పుడు నాన్ అనే విలువ పుడుతుంది, నాన్ తనతో తనే సమానం కాదు. రిజిస్టర్ బాగున్నా టెస్ట్ ఫెయిల్ అంటుంది.

మా అరకు సంతలో మిరియాలు కొనేవాళ్లు బస్తా పైన గింజలు చూసి ఊరుకోరు. చెయ్యి లోపలికి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీస్తారు. తడి ఉండేది అక్కడే.

ర్యాండమ్ టెస్ట్‌కి ఒక తలనొప్పి కూడా ఉంది. నిన్న రాత్రి ఫెయిలైంది, ఇవాళ పాసైంది, ఏ విలువతో ఫెయిలైందో ఎవరికీ తెలీదు. దీనికి మందు సీడ్. ర్యాండమ్ నంబర్లు పుట్టించేటప్పుడు మొదట ఇచ్చే అంకె అది. అదే సీడ్ ఇస్తే అదే వరస మళ్లీ వస్తుంది.

ఇది మీ ఫోన్ మీద కూడా చేయొచ్చు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఎడిబి షెల్‌లో మంకీ అనే కమాండ్ చూడండి. స్క్రీన్ మీద కోతి గెంతినట్టు ర్యాండమ్‌గా ట్యాప్‌లు, స్వైప్‌లు పంపుతుంది. పి ఆప్షన్‌తో ఒకే యాప్‌కి కట్టేయండి, లేదంటే ఎవరికి కాల్ వెళ్తుందో చెప్పలేం. పేమెంట్ యాప్‌ల జోలికి వద్దు. ఎస్ ఆప్షన్‌తో మీకు నచ్చిన సీడ్ ఇచ్చి 5000 ఈవెంట్లు వదలండి. క్రాష్ దొరికితే అదే సీడ్‌తో ఇంకోసారి నడపండి. మళ్లీ అక్కడే పడితే, డెవలపర్‌కి పంపే బగ్ రిపోర్ట్‌లో స్క్రీన్‌షాట్ కన్నా ముందు ఆ నంబర్ రాయండి.