గెలిస్తే 3, వీధి శుభ్రం చేస్తే 6

ఫుట్‌బాల్ లీగులో గెలిచిన జట్టుకు 3 పాయింట్లు, డ్రా అయితే 1. ఎక్కడైనా ఇదే లెక్క. కెన్యా రాజధాని నైరోబీలో మథారే అనే పెద్ద మురికివాడ ఉంది. అక్కడి పిల్లల లీగులో మాత్రం పట్టికలోకి ఇంకో అంకె చేరింది: 6. జట్టంతా కలిసి తమ పేటలో చెత్త ఎత్తి, కాలువ పూడిక తీస్తే వచ్చే పాయింట్లవి. అంటే ఒక పూట పార పట్టడం రెండు గెలుపులతో సమానం.

ఈ అంకె ఏం చేస్తుందో లెక్క వేసి చూద్దాం. రెండు జట్లు చెరి 10 మ్యాచ్‌లు ఆడాయనుకోండి. మొదటిది 7 గెలిచి 3 ఓడింది, చెత్త జోలికి పోలేదు. దానికి 21 పాయింట్లు. రెండోది 4 గెలిచి, 2 డ్రా చేసుకుని, 4 ఓడింది. ఆటలో వచ్చినవి 14 పాయింట్లే. కానీ రెండుసార్లు వీధి శుభ్రం చేసింది కాబట్టి ఇంకో 12 కలిసి 26 అయ్యాయి. పైన ఉన్నది రెండో జట్టే.

ఆటకు ఇది అన్యాయం కాదా అని అనిపించవచ్చు. కాదు. మొదటి జట్టు కూడా రెండుసార్లు పార పట్టిందంటే దానికి 33 వస్తాయి, మళ్ళీ అదే పైకి వస్తుంది. అన్ని జట్లూ పని చేస్తే ఆ 12 అందరికీ సమానమే, తేడా తేల్చేది ఆటే. ఈ నిబంధన మంచి ఆటగాడిని వెనక్కి లాగదు. వీధిని పట్టించుకోకుండా కప్పు ఎత్తుకుపోయే దారిని మాత్రమే మూసేస్తుంది. నాకు ఈ పథకంలో బాగా నచ్చింది ఇదే: ఉపన్యాసం లేదు, శిక్ష లేదు, పట్టికలో ఒక గడి పెరిగిందంతే.

దీన్ని నడుపుతున్నది మథారే యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్ అనే లాభాపేక్షలేని సంస్థ. కెనడాకు చెందిన పర్యావరణ సలహాదారు బాబ్ మన్రో చొరవతో 1987లో మొదలైంది. అప్పటికి అక్కడి పిల్లల బంతి ప్లాస్టిక్ సంచులను ఉండచుట్టి తాడుతో బిగించినది. దాన్ని వాళ్ళు జువాలా అంటారు. చెత్త తీసుకెళ్ళే బండి రాని పేటలవి. కాలువ మూసుకుపోతే వానకు మురుగు ఇళ్ళలోకి వస్తుంది, వెనకే రోగాలు వస్తాయి. మీరు పేటకు ఏదైనా చేయండి, మేము మీకు బంతులు, రిఫరీలు, లీగు ఇస్తాం అన్నది ఒప్పందం. 1992లో రియో ధరిత్రి సదస్సు సమయంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఈ సంస్థకు గ్లోబల్ 500 పురస్కారం ఇచ్చింది. పదేళ్ళు దాటేసరికి ఏటా ఆడే పిల్లల సంఖ్య 10 వేలు మించిపోయింది. ఇక్కడి నుంచే 1994లో మథారే యునైటెడ్ క్లబ్బు పుట్టింది, 2008లో కెన్యా ప్రీమియర్ లీగు గెలిచింది. వీధి శుభ్రం చేస్తే ఆట పాడవుతుందనే అనుమానానికి ఈ కప్పే సమాధానం.

ఆడపిల్లల జట్లు మాత్రం 1992 దాకా రాలేదు. ఐదేళ్ళ ఆలస్యానికి కారణం మనకు తెలియనిది కాదు. బడి అయ్యాక మగపిల్లవాడు మైదానానికి పోతాడు, ఆడపిల్ల నీళ్ళు మోయాలి, వంట చూడాలి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. చీకటి పడితే దారి భయం. అందుకే పొద్దు ఉండగానే ఇల్లు చేరేలా వాళ్ళ మ్యాచ్‌ల వేళలు పెట్టాల్సి వచ్చింది, తల్లిదండ్రులతో మాట్లాడాల్సి వచ్చింది. మైదానం అందరిదీ అని బోర్డు రాస్తే సరిపోదు. ఆడపిల్ల రావాలంటే గడియారం మార్చాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. చిన్నపిల్లలకు శిక్షణ ఇచ్చినా, రిఫరీగా నిలబడినా, శుభ్రతలో ముందున్నా ఆ పిల్లవాడి పేరున పాయింట్లు జమవుతాయి. ఎక్కువ పాయింట్లున్నవారికి నాయకత్వ పురస్కారం. ఆ డబ్బు చేతికివ్వరు, ఫీజు కింద నేరుగా బడికి కడతారు. గోల్ కొట్టలేని పిల్లకూ ఇక్కడ చోటుంది.

మన దగ్గర ఇలాంటి ఆలోచనకు అనంతపురం సాక్ష్యం. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆవరణలో, 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి తెరిచింది. పేద కుటుంబాల పిల్లలు అక్కడ రాకెట్ పట్టడంతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్చుకుంటారు, పోషకాహారం తీసుకుంటారు. కరువు సీమ పిల్లలకు టెన్నిస్ ఎందుకన్న ప్రశ్నకు, ఆ పిల్లలకే ఎందుకు ఉండకూడదన్నది నా జవాబు.

అవసరం ఎంతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెబుతుంది. 5 నుంచి 17 ఏళ్ళవారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలి. 2016 నాటి వివరాల ప్రకారం 11-17 ఏళ్ళవారిలో 81 శాతానికి ఆ శ్రమ అందడం లేదు. డబ్బుకూ దారి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు, గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. గ్రామీణ క్రీడల శిక్షణ ఆ జాబితాలోనే ఉంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. పిల్లలు చేస్తున్నారు కదా అని మునిసిపాలిటీ తన పని మానుకోకూడదు. మురుగులో చెయ్యి పెట్టించడం ఏ పాయింటుకూ తగదు. గ్లౌజులు, పనిముట్లు, పక్కన పెద్దవాళ్ళు లేకుండా ఈ పద్ధతి తలపెట్టవద్దు. మన ఊళ్ళకైతే మొక్కల సంరక్షణ, గ్రంథాలయం సర్దడం, చిన్నపిల్లలకు ఆట నేర్పడం సరిపోతాయి.

సంక్రాంతికి ఊరూరా క్రికెట్, వాలీబాల్, కబడ్డీ టోర్నమెంట్లు పెడతారు. ప్రైజు మనీ కోసం చందాలు పోగుచేస్తారు. నిర్వాహకులకు నా విన్నపం: ఈసారి పాయింట్ల పట్టికలో ఊరి పనికి ఒక గడి పెట్టండి, ఆడపిల్లల జట్లకు పగటి వేళ కేటాయించండి. ఈ రెండూ పండక్కి నెల ముందే జట్లన్నిటితో కూర్చుని మాట్లాడి ఖాయం చేసుకోండి.