కొండ దిగిన తరువాత

ఎవరెస్టు యాత్రల గురించిన పుస్తకాలు చాలావరకు శిఖరం మీదనో, బేస్ క్యాంపులోనో ముగుస్తాయి. ఇల్లు చేరి, మళ్ళీ ఉద్యోగంలో కూర్చున్న మనిషి బాగా తెలిసిన పేరు నోటికి రాక తడుముకోవడం ఆ కథల్లోకి రాదు. వైద్యశాస్త్రానికి ఆసక్తికరమైన భాగం అదే.

1981లో ఒక అమెరికన్ వైద్య పరిశోధక బృందం ఎవరెస్టు శిఖరం మీద గాలి పీడనాన్ని మొదటిసారిగా నేరుగా కొలిచింది. అది 253 మిల్లీమీటర్ల పాదరసం, సముద్రమట్టంలో 760. ప్రతి ఊపిరికీ అందే ప్రాణవాయువు మూడోవంతు మాత్రమేనన్నమాట. ఈ లోటు పూడ్చడానికి మూత్రపిండాలు ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోనును ఎక్కువగా స్రవిస్తాయి. దాని ప్రేరణతో ఎముకల మూలుగ ఎర్ర రక్తకణాలను అధికంగా తయారుచేస్తుంది. కొండ దిగగానే ఆ హార్మోను తగ్గిపోయి, కొన్ని వారాల్లో రక్తం పాత స్థితికి వస్తుంది. ఇది ఇబ్బంది లేని మార్పు.

కండరాల సంగతి వేరు. 1985లో జరిగిన 'ఆపరేషన్ ఎవరెస్ట్ 2'లో కొందరు యువకులను పీడనం తగ్గించగల గదిలో 40 రోజులు ఉంచి, క్రమంగా ఎవరెస్టు ఎత్తుకు సమానమైన స్థితికి తీసుకెళ్ళారు. చలి లేదు, మోత లేదు, తిండికి కొరత అసలే లేదు. అయినా వారు సగటున 7.4 కిలోల బరువు కోల్పోయారు. అందులో కొవ్వుకంటే కండ భాగమే ఎక్కువ. నెల రోజులు నెయ్యన్నం పెడితే మనిషి కోలుకుంటాడని మన ఇళ్ళలో అనుకుంటాం. బరువు తిరిగి వస్తుంది కానీ, కండకు వ్యాయామం కూడా కావాలి.

అసలు చింత మెదడు గురించి. 1963లో పశ్చిమ శిఖరశ్రేణి మీదుగా ఎవరెస్టు ఎక్కిన థామస్ హార్న్‌బైన్ స్వయంగా మత్తు వైద్యుడు. ఆయనా సహచరులూ 1989లో ప్రచురించిన అధ్యయనంలో, యాత్ర నుంచి తిరిగివచ్చిన ఆరోహకులకు చూసినవాటిని గుర్తుంచుకునే శక్తి తగ్గిందనీ, మాటల్లో తప్పులు పెరిగాయనీ తేలింది. విచిత్రమేమంటే, ప్రాణవాయువు తగ్గినప్పుడు సహజంగా జోరుగా ఊపిరి తీసేవారే ఎక్కువ నష్టపోయారు. జోరుగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి; కాళ్ళకు మేలుచేసిన ఊపిరే మెదడుకు రక్తం తగ్గించి ఉంటుందని పరిశోధకుల ఊహ. 1981 బృందంలోనూ చాలామందికి వేలి కదలికల వేగం ఏడాది తరువాత కూడా పూర్తిగా తిరిగి రాలేదు. ఇదంతా అత్యున్నత శిఖరాల సంగతి. బేస్ క్యాంపు దాకా నడిచి వచ్చేవారు బెంగపడనక్కరలేదు.

2014 మే 25న తెలంగాణకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కినప్పుడు తెలుగువారందరూ గర్వపడ్డారు, పడవలసిందే. అయితే పై పరిశోధనలు పెద్దవాళ్ళ మీద జరిగినవి, ఆ వయసు పిల్లలదేమో ఇంకా ఎదుగుతున్న మెదడు. పిల్లలను అంత ఎత్తుకు పంపే ప్రతి యాత్రకూ ముందూ తరువాతా జ్ఞాపకశక్తి, వేలి వేగం పరీక్షించడం తప్పనిసరి చేయాలి. పది సెకన్లలో చూపుడువేలితో ఒక మీటను ఎన్నిసార్లు కొట్టగలరో లెక్కపెట్టడానికి ఒక గడియారమూ ఆ మీటా చాలు.