రువాపెహు అలుగు

చెరువుకు అలుగు ఎందుకో పల్లెలో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. నిండిన నీరు కట్ట మీదికి ఎక్కకముందే అలుగు మీదుగా పారిపోవాలి. ఆ దారి మూసుకుపోతే గండి తప్పదు. న్యూజిలాండ్ ఉత్తర దీవిలోని రువాపెహు అగ్నిపర్వతం ఎత్తు 2,797 మీటర్లు. దాని బిలంలోనూ ఒక చెరువుంది. వానలూ కరిగిన మంచూ దాన్ని నింపుతాయి. అడుగున ఉన్న వేడి, వాయువులు ఆ నీటిని వెచ్చగా, పుల్లని ఆమ్లంగా మారుస్తాయి. నిండినప్పుడు గట్టి రాతి అంచు ఒకదాని మీదుగా పొర్లి వాంగాయెహు నదిలో పడుతుంది. దాని అలుగు ఆ రాతి అంచే.

1945లో పర్వతం పేలింది. చెరువు ఖాళీ అయింది. పైకెగసిన బూడిద, రాళ్లు సరిగ్గా అలుగు మీదే పడి పేరుకున్నాయి. తర్వాతి ఎనిమిదేళ్లలో నీళ్లు మళ్లీ చేరాయి. ఈసారి రాతి అంచును కూడా దాటి, ఆ వదులు బూడిద కట్టకు ఆనుకుని నిలిచాయి. 1953 డిసెంబరు 24 రాత్రి కట్ట తెగింది.

తెగినప్పుడు దిగింది నీరే. కానీ ఇరుకు లోయలో నిటారు వాలున పరుగెత్తే నీరు దారిలోని ఇసుకను, బండలను, మంచుగడ్డలను తనలో కలుపుకుంటుంది. కిందికి పోయేకొద్దీ చిక్కబడుతుంది, ఘనపరిమాణమూ పెరుగుతుంది. ఇలాంటి ప్రవాహాన్ని లాహార్ అంటారు. తంగివాయి అనే చోట అది రైలు వంతెనను దెబ్బతీసింది. కొద్ది నిమిషాల్లోనే వెల్లింగ్టన్ నుంచి ఆక్లండ్ వెళ్లే రాత్రి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. సిరిల్ ఎల్లిస్ అనే తపాలా ఉద్యోగి టార్చిలైటు ఊపుతూ రైలుకు ఎదురు పరుగెత్తాడు. బ్రేకులు పడ్డాయి కానీ రైలు ఆగేంత దూరం మిగల్లేదు. పండక్కి ఇళ్లకు బయల్దేరిన 285 మందిలో 151 మంది చనిపోయారు.

ఇది చదువుతుంటే వలిగొండ గుర్తుకు రాక మానదు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, ఎగువన చెరువు తెగి వచ్చిన వరద అక్కడి చిన్న రైలు వంతెనను కోసేసింది. డెల్టా ప్యాసింజర్‌లో వందమందికి పైగా పోయారు. అక్కడ అగ్నిపర్వతం లేదు, లాహార్ లేదు. కానీ రెండుచోట్లా నీళ్లు బయల్దేరిన కబురు రైలు కంటే ముందు చేరలేదు.

రువాపెహు కథలో అసలు సంగతి ఇక్కడినుంచే. 1995, 1996ల్లో పర్వతం మళ్లీ పేలింది. చెరువు మళ్లీ ఖాళీ అయింది, అలుగు మీద దాదాపు ఏడు మీటర్ల బూడిద కట్ట మళ్లీ లేచింది. అప్పటికి అక్కడ 1992లో ఏర్పడిన జీఎన్‌ఎస్ సైన్స్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. అంతకుముందు 1926 నుంచి డీఎస్ఐఆర్ అనే ప్రభుత్వ శాఖ చేసిన భూవిజ్ఞాన పని దాని చేతికి వచ్చింది. చెరువు నిండుతుందనీ, నిండితే కట్ట తెగుతుందనీ శాస్త్రవేత్తలు ముందే చెప్పారు. ఎప్పుడు అన్నదే ప్రశ్న. దానికి జమాఖర్చు వేయాలి. వాన, మంచు ఎంత చేరుతున్నాయి, ఆవిరిగా ఎంత పోతోంది? అడుగున వేడి పెరిగితే ఆవిరీ పెరుగుతుంది, నిండడం ఆలస్యమవుతుంది. కాబట్టి నీటిమట్టం ఒక్కటే కొలిస్తే చాలదు, ఉష్ణోగ్రతా కొలవాలి. అలా పదేళ్లకు పైగా కొలిచారు.

కట్టకు ముందే కాలువ తవ్వి నీళ్లు వదిలేస్తే పోదా అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ రువాపెహు శిఖరం మావోరీ తెగలకు పవిత్రం. టోంగరీరో జాతీయ ఉద్యానంలో భాగంగా అది ప్రపంచ వారసత్వ స్థలం కూడా. పైగా ఏ క్షణాన పేలుతుందో తెలియని బిలం అంచున మనుషుల్ని, యంత్రాల్ని నిలబెట్టడం ప్రమాదం. నాకు అన్నిటికంటే బలంగా తోచిన వాదన మరొకటి: కాలువ ఈ ఒక్క లాహార్‌నే ఆపుతుంది, హెచ్చరిక ఏర్పాటైతే తర్వాత వచ్చేవాటికీ పనికొస్తుంది. తవ్వకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. చెరువు దగ్గర నీటిమట్టం చూసే పరికరాలు, లోయ వెంట నేల అదురును పట్టే జియోఫోన్లు పెట్టారు. ప్రవాహం పక్క నదిలోకీ జాతీయ రహదారి మీదికీ పొర్లకుండా దిగువన ఒక గట్టు కట్టారు.

2007 మార్చి 18, ఆదివారం పగలు కట్ట తెగింది. సుమారు 13 లక్షల ఘనపు మీటర్ల నీరు కిందికి దూకింది. పరికరాలు పట్టుకున్నాయి, హెచ్చరిక అందింది, రోడ్లు మూశారు, రైళ్లు ఆపారు. లాహార్ తంగివాయి వంతెన కిందుగా వెళ్లిపోయింది. ఒక్కరి ప్రాణం కూడా పోలేదు.

అంతటితో పర్వతం లొంగిందనుకోకూడదు. ఆరు నెలలు తిరిగేసరికి, సెప్టెంబరు 25న, చెప్పాపెట్టకుండా పేలింది. శిఖరం దగ్గరి గుడిసెలో ఉన్న పర్వతారోహకుడొకరు కాలు పోగొట్టుకున్నారు. కట్ట తెగడం నీటి లెక్క. పేలుడు శిలాద్రవం లెక్క, అది చాలా కష్టమైనది. డీఎస్ఐఆర్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త వెర్నర్ గిగెన్‌బాక్ 1970లలో దానికొక దారి చూపాడు. కొత్త శిలాద్రవం నీటిని తాకితే రాతిలోని మెగ్నీషియం కరిగి చెరువులోకి వస్తుంది, క్లోరైడ్‌తో దాని నిష్పత్తి మారుతుంది. అందుకే నేటికీ ఆ నీటిని సీసాల్లో పట్టి ప్రయోగశాలకు తెస్తున్నారు. అయినా కొన్ని పేలుళ్లు ఏ సూచనా ఇవ్వవు. సూచన ఉన్నా అది అక్కరకు రాకపోవచ్చు. 2019 డిసెంబరు 9న ఫకారి అనే అగ్నిపర్వత దీవి పేలినప్పుడు హెచ్చరిక స్థాయి అంతకు మూడు వారాల ముందే పెంచి ఉంది. అయినా సందర్శకులు దీవి మీదే ఉన్నారు, 22 మంది చనిపోయారు. కొలిచినవాడి మాట నిర్ణయం తీసుకునేవాడి దాకా చేరి పని జరగడం 2007లో తంగివాయిలో సాధ్యమైంది, ఫకారిలో కాలేదు.

ఈ కొలతలకు డబ్బెక్కడిది? దేశమంతటా భూకంపాలను, అగ్నిపర్వతాలను గమనించే జియోనెట్ యంత్రాంగం 2001లో మొదలైంది. దాని ఖర్చులో పెద్ద భాగాన్ని 2024 దాకా భూకంప కమిషన్ అని పిలిచిన సంస్థ భరించింది. ఆ సంస్థకు ఆదాయం ఇళ్ల బీమాతో పాటు వసూలయ్యే సుంకం నుంచి వస్తుంది. ఇంటికి బీమా చేయించిన ప్రతి కుటుంబమూ ఏమీ జరగని ఏళ్లలో కూడా పరికరాలను బతికిస్తోందన్నమాట. ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు కనబడలేదు.

2025 జులై 1న జీఎన్‌ఎస్ సైన్స్‌ను, నీటినీ వాతావరణాన్నీ అధ్యయనం చేసే నివా సంస్థను కలిపి ఎర్త్ సైన్సెస్ న్యూజిలాండ్‌గా మార్చారు. రువాపెహు బిలంలో రాయి ఎక్కడ ఆగి నీరు ఎక్కడ మొదలవుతుందో చూస్తే ఈ కలయిక సబబే అనిపిస్తుంది. ఇకనుంచి అక్కడ మంచు కరుగు లెక్క వేసేవాళ్లు, శిలాద్రవం లెక్క వేసేవాళ్లు ఒకే సంస్థ ఉద్యోగులు.